తోడుచదువు

గాజు గోడకి అవతల ఆ అమ్మాయి చదువుతోంది. తలకి పలచటి పట్టీ, ఒళ్ళో పిల్లల పుస్తకం. వేలు ఒక మాట మీద ఆగింది. నవ్వింది. నవ్వుతూనే తన పాదాల వంక చూసుకుంది, తడిశాయేమో అన్నట్టు.

“చూశారా?” అంది డాక్టర్ నజీరా.

ఇవతల నిలబడ్డ నూకరత్నం చూసింది.

విశాఖలో కొత్తగా కట్టిన లైబ్రరీ అది. ఊరు మునుపటిలా లేదు. సముద్రం మీద తేలే గాలిమరల పనికి మణిపూర్ నుంచీ, నేపాల్ నుంచీ జనం దిగారు. బస్సెక్కితే సగం మందికి తెలుగు రాదు. వాళ్ళ కోసమే నజీరా ఈ యంత్రం తయారుచేసింది. పేరు తోడుచదువు.

సంగతి సులువే. ‘చింతకాయ’ అని చదివితే మనకి నోరూరుతుంది. పులుపు అక్షరాల్లో లేదు, మన లోపల ఉంది. తెలుగులో పుట్టి పెరిగిన మనిషి చదువుతుంటే ఒక్కో మాటకీ మెదడులో లేచే అలని సెన్సర్లు రికార్డు చేస్తాయి. తర్వాత తెలుగు రానివాళ్ళు అదే పుస్తకం తెరిస్తే ఆ అల తలపట్టీ ద్వారా వాళ్ళకి అందుతుంది. డిక్షనరీతో పనిలేదు. మాట పుల్లగా వచ్చి నాలుక మీద కూర్చుంటుంది.

ఈ పుస్తకాన్ని యంత్రానికి చదివి ఇచ్చింది నూకరత్నమే. అంగన్‌వాడీ టీచరు, పిల్లలకి కథలు చదవడం అలవాటే. వానలో సంతకెళ్ళిన పిల్లి కథ, అందులో ఏముందని? చదివేసి, టీ తాగి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నజీరా ఆమెని పిలిపించింది. ఈ వారమే పుస్తకం మొదలుపెట్టిన వాళ్ళందరికీ ఒకే పాప కనిపిస్తోందట. ‘వాన’ దగ్గరా, ‘జడ’ దగ్గరా, ‘బెల్లం’ దగ్గరా. ముందుపళ్ళు ఊడిన పాప. మీకు తెలియకుండానే మీ లోపల లేచి ఉంటుందమ్మా అంది.

ఆ పాప ఎవరో నూకరత్నానికి తెలిసింది.

కూతురు జోషితని జ్వరం తీసుకుపోయి మూడేళ్ళు. ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకరు. భర్త పాప ఫొటోని గోడ మీంచి తీసి బీరువాలో పెట్టేశాడు. తలుచుకుంటే ఆమెకి గుర్తొచ్చేది ఆస్పత్రి మంచం ఒక్కటే. గొట్టాలు, ఎండిన పెదాలు. అంతకు ముందున్న పిల్ల ఎంత తడిమినా చేతికి అందదు.

“తుడిచెయ్యండి. నా పిల్ల ఊరందరికీ పాఠమా?”

ఆ హక్కు మీదేనమ్మా అని నజీరా స్క్రీన్ ఆమె వైపు తిప్పింది. తాకితే చాలు, పోతుంది. ఇంకొకరి చేత చదివించుకుంటాం.

నూకరత్నం వేలు చాపింది. ఆపింది. ఒక్కసారి ఆ పట్టీ నాకూ పెట్టండి, నేనూ చూస్తాను అంది.

పెట్టారు. చదివింది. పిల్లి, వాన, సంత. అంతే. మళ్ళీ చదివింది. పేజీ మీద అక్షరాలు, తలకి పట్టీ బిగువు.

“తెలియని మాట మీదే ఇది పనిచేస్తుంది,” అంది నజీరా మెల్లగా. “తెలిసిన మాటకి మెదడు తలుపు తియ్యదు. మీకు తెలుగు వచ్చు కదమ్మా. అదే చిక్కు.”

స్క్రీన్ మీదైనా చూపించలేరా అని అడిగింది. గీతలే కనిపిస్తాయట. గీతల్లో పాప ఉండదు.

అంతలో ఆ అమ్మాయి బయటికొచ్చింది. పేరు మెమ్చా, మణిపూర్ పిల్ల, గాలిమరలకి వెల్డింగ్ చేస్తుంది. నూకరత్నం చేతుల దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. తన చేతుల్నే చూసుకుంటున్నట్టు చూసింది.

“మీరే,” అంది. “ఈ చెయ్యి. ఈ కాలిన మచ్చ. నాకు తెలుసు, ఆంటీ.”

తర్వాత ఆగి ఆగి, మాటలు వెతుక్కుంటూ చెప్పింది. గొడుగు. పాప తిరగేసింది. వాన నీళ్ళు పట్టింది. మీ కాళ్ళ మీద పోసింది. మీరు తిట్టారు. అప్పుడు పాప అంది...

“నేలకి పోస్తే ఏటీ అనదు. నీకు పోస్తే తిడతావు. అందుకే నీకే పోస్తన్నాను.”

ఆ ఒక్క ముక్కా తడబాటు లేకుండా వచ్చింది. ఆ యాస, ఆ గారం, ముందుపళ్ళ సందులోంచి జారే గాలితో సహా.

నూకరత్నం కుర్చీలో కూలబడింది. ఆ వాన ఉంది. నిజంగా ఉంది. తన చీర అంచు కూడా తడిసింది.

“పాప స్కూల్‌కి వెళ్ళిందా?” అని అడిగింది మెమ్చా.

“లేదమ్మా. లేదు.”

అర్థమయ్యేసరికి మెమ్చా కింద కూర్చుండిపోయింది. తన ఇంటి పిల్ల పోయిన కబురు ఇప్పుడే విన్నట్టు ఏడ్చింది. నూకరత్నమే ఆమె తల నిమరాల్సి వచ్చింది.

నజీరా చప్పుడు చెయ్యకుండా స్క్రీన్ ఆర్పేసింది.

“తర్వాత?” అంది నూకరత్నం.

తర్వాత తెలీదట. ఐదో పేజీ దాకే వచ్చిందట. అంతకంటే ముందుకి వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరని నజీరా అంది. మెమ్చా కళ్ళు తుడుచుకుని, సెలవు పెట్టి రేపటికల్లా మొత్తం చదివేస్తానంది.

“వద్దు,” అంది నూకరత్నం. “నెమ్మదిగా నేర్చుకో. చిన్న పుస్తకం అది, తొందరగా అయిపోతుంది.”