రెండో సీటుకి పదివేల పాయింట్లు

"కార్డయితే రెండు శాతం ఎక్కువవుతాది," అంది కౌంటర్లో కూర్చున్న అమ్మాయి, తల ఎత్తకుండానే.

ఉపేంద్ర చేతిలో కార్డు గాలిలోనే ఆగిపోయింది. నల్లటి కార్డు, దాని మీద బంగారు రంగులో విమానం బొమ్మ. అతను దాన్ని జేబులోంచి తీసే తీరు చూస్తే గుళ్లోంచి ఉత్సవ విగ్రహాన్ని బయటికి తెస్తున్నారేమో అనిపిస్తుంది.

పాతపట్నంలో గోవిందరావు గారి బట్టల షాపు అది. ఉపేంద్ర మేనత్త కాంతం, కూతురు రాజకుమారి పెళ్లి బట్టల కోసం పదిమంది చుట్టాల్ని వెంటేసుకుని పొద్దున్న వచ్చి పరుపుల మీద కూర్చుంది, సాయంత్రానికి లేచింది. బిల్లు లక్షా ఎనభై నాలుగు వేలు. కాంతం తెచ్చిన నోట్ల కట్టల సంచీ ఇప్పుడు ఉపేంద్ర చంకలో ఉంది. బిల్లు అతను కార్డు మీద గీస్తాడు, నగదు పుచ్చుకుంటాడు, పాయింట్లు మిగుల్చుకుంటాడు. చుట్టాల్లో ఎవరింట పెళ్లి కుదిరినా, ఎవరికి పన్ను పీకించాల్సి వచ్చినా ఉపేంద్ర కార్డుతో సహా అక్కడ వాలిపోతాడు. శ్రీకాకుళంలో ఓ ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తాగిరీ అతని రెండో ఉద్యోగం. మొదటిది ఇది.

"రెండు శాతం ఏటండీ? శ్రీకాకుళంలో ఎవులూ తీసుకోరు," అన్నాడు.

"అయితే శ్రీకాకుళంలోనే కొనుక్కోవలసింది. పొద్దుట్నుంచీ మా పరుపులెందుకు నలిపేరు?"

వెనకనించి చుట్టాలు కిసుక్కుమన్నారు. ఆ అమ్మాయి కాలిక్యులేటర్ మీద వేళ్లు ఆడించింది.

"మూడువేల ఆరువందల ఎనభై అవుతాది. మీకు పాయింట్లెన్నొస్తాయేటి?"

"నూటికి రెండు. అంటే..."

"అదీ మూడువేల ఆరువందల ఎనభయ్యే. రూపాయిచ్చి పాయింటు కొనుక్కుంటన్నారన్నమాట. దాన్ని మళ్లీ డబ్బు సేస్తే ఎంతొస్తాది?"

"పావలా," అన్నాడు ఉపేంద్ర చిన్న గొంతుతో. వెంటనే గొంతు పెంచాడు. "కానీ డబ్బు సెయ్యకూడదండీ! అది తెలీనోళ్ల పని. పాయింట్లని ఎయిర్‌లైన్‌కి మార్చాలి. మార్చి బిజినెస్ క్లాస్ టికెట్టు తియ్యాలి. అప్పుడు ఒక్కో పాయింటూ రెండ్రూపాయలు పలుకుతాది. పైగా ఎయిర్‌పోర్టులో లాంజి. ఫ్రీగా ఇడ్లీ, ఉప్మా, కాఫీ."

"ఉప్మాకా ఇంత తపస్సు?"

"ఒరే, నా నగదు నేనిచ్చీసి పోదును కదరా!" అని కాంతం నెత్తి కొట్టుకుంది.

పౌరుషం ఎంత చెడ్డదో చూడండి. ఉపేంద్ర ఆ మూడువేల ఆరువందల ఎనభై తన సొంత జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అమ్మాయి రసీదు చించి ఇస్తూ అప్పుడు తల ఎత్తింది. పెద్ద కళ్లు. వాటి నిండా నవ్వు, ఆ నవ్వు నిండా వెటకారం. రసీదు అడుగున దీపిక అని సంతకం ఉంది. ఉపేంద్ర ఆ రసీదుని మిగతా వాటితో కలపకుండా పర్సులో విడిగా పెట్టుకున్నాడు.

ఆ శ్రావణంలో ఉపేంద్ర ఆరు పెళ్లిళ్ల వాళ్లని ఆ షాపుకి తోలుకొచ్చాడు. ఆరు సార్లూ రెండేసి శాతం నవ్వుతూ కట్టాడు. ఆటోవాడితో అయిదు రూపాయల కోసం పావుగంట పోట్లాడే మనిషి ఇలా చేస్తుంటే, నోటు పట్టుకోగానే దొంగదో మంచిదో చెప్పే దీపికకి సంగతి తెలియకుండా ఉంటుందా? తెలిసింది. తెలిసినా శాతం మాత్రం తగ్గించలేదు. ఆమె తండ్రి గోవిందరావు అయితే "కమీషన్ అడగని బ్రోకర్ని ఇప్పుడే సూస్తన్నాను" అని ఆశ్చర్యపోయి, వచ్చినప్పుడల్లా టీ తెప్పించేవాడు.

ఓ సాయంత్రం వాన పట్టుకుంది. శ్రీకాకుళం బస్సు రాలేదు. షాపు చూరు కింద ఉపేంద్ర, అతని పక్కన జానెడు దూరంలో దీపిక. వాన జల్లు ఆ జానెడు దూరాన్నీ ఉంచేలా లేదు.

"మొత్తం ఎన్నున్నాయి నీకు?" అంది. మీరు నువ్వయి అప్పటికి వారం.

"డెబ్బై ఎనిమిదివేల తొమ్మిదొందలు," అన్నాడు గర్వంగా.

"అబ్బో! ఎక్కడెక్కడ తిరిగేవేటి?"

ఉపేంద్ర వానలోకి చూశాడు. "ఇంకా ఎక్కడికీ లేదు."

"విమానం ఎన్నిసార్లెక్కేవు?"

"ఎక్కలేదు."

"నాలుగేళ్లుగా కూడబెడతన్నావు, ఒక్కసారీ ఎక్కలేదా!"

"మంచి రేటు కోసం సూస్తన్నాను."

దీపిక నవ్వింది. షట్టరు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఓలమ్మ! ఉప్మా సల్లారిపోనాదిరా నాయనా!"

ఉపేంద్రకి కోపం రావాలి. రాలేదు సరికదా, ఆ నవ్వు ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది. తన మనసులో ఉన్నది అప్పుడే చెప్పేస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. విశాఖపట్నం నుంచి సింగపూర్‌కి బిజినెస్ క్లాసులో ఒక సీటుకి నలభై అయిదువేల పాయింట్లు. అవి దీపికని చూడకముందే అతని దగ్గరున్నాయి. ఇప్పుడు పోగేస్తున్నవి రెండో సీటుకి. తొంభై వేలు పూర్తయ్యాక, రెండు టికెట్లూ చేతిలో పెట్టుకుని ఆమెని అడగాలి. వట్టి చేతులతో అడిగితే పాయింటుని పావలాకి మార్చుకున్నట్టే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అతను హోటల్ గది కిటికీ ఎటువైపుండాలో కూడా నిర్ణయించుకున్నాడు. అమ్మాయితో మాత్రం ఒక్క ముక్క అనలేదు.

భాద్రపదం దాటాక ఓ గురువారం దీపికే మాట కదిపింది.

"ఆదివారం నన్ను సూడ్డానికొస్తన్నారు. విజయనగరం వాళ్లు. అబ్బాయి పేరు దేవేంద్ర. రెండు మందుల షాపులున్నాయట."

చెప్పి ఆగింది. బిల్లుబుక్కు మూసింది. కలానికి మూత పెట్టింది. ఇంతకన్నా ఆడపిల్ల ఇంకెంత ఆగుతుంది?

ఉపేంద్ర నోరు తెరిచాడు. దేవుడిచ్చిన ఆ నోటితో అతనన్న మాట ఇది:

"ఒక్క నెల ఆపలేరేటి? దీపావళికి బోనస్ పాయింట్లిస్తారు."

"దేనికి?"

"అది ఇప్పుడే సెప్పకూడదు."

దీపిక అతన్ని పైనించి కిందికి చూసింది. "నీ బోనస్ నువ్వే పుచ్చుకో," అంది. లోపలికి వెళ్లి తండ్రితో "నాకిష్టమే నాన్నా, కానియ్యి," అంది, గిన్నె విసిరేసినట్టు.

ఆదివారం చూపులయ్యాయి. వాళ్లకి నచ్చింది. పదో రోజున, బుధవారంనాడు తాంబూలాలు అనుకున్నారు. ఉపేంద్ర మూడు రోజులు ఆఫీసులో పాలసీలన్నీ తప్పు పేర్ల మీద రాశాడు.

నాలుగో రోజు గోవిందరావు ఫోను.

"ఒరే ఉపేంద్రా, తాంబూలాల్రోజు పెళ్లికొడుక్కి ఉంగరం పెట్టాలి గదా. శ్రీకాకుళంలోనే తీసుకుంటాం. అరవై ఎనిమిదివేలవుతాదిట. నువ్వొచ్చి కార్డు గీసుకో. నీకా నాలుగు పాయింట్లూ రానీ, పిల్లడివి బాగుపడతావు."

"అలాగే మావా, క్యాష్ తెచ్చీండి," అన్నాడు ఉపేంద్ర.

ఫోను పెట్టేశాక తెలిసింది ఏమన్నాడో. నాలుగేళ్ల అలవాటు. ఎవరు బిల్లన్నా నోరు దానంతటదే ఆ మాట అంటుంది. తను మనసుపడ్డ పిల్ల నిశ్చితార్థానికి, ఇంకొకడి వేలికి పెట్టే ఉంగరానికి, తన కార్డు గీస్తానని మాటిచ్చాడు. లోకంలో ప్రేమలో ఓడినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఆ ఓటమి మీద పాయింట్లు తెచ్చుకోబోయినవాడు వీడొక్కడే.

పుండు మీద కారం ఇంకోటుంది. ఈ బిల్లుతో అతని ఏడాది ఖర్చు బ్యాంకు పెట్టిన గీత దాటుతుంది. దాటితే పదివేలు బోనస్. ఉంగరానివి పదమూడువందల అరవై. అన్నీ కలిపితే తొంభై వేలు దాటి రెండువందల అరవై. రెండో సీటు వచ్చేస్తుంది!

వెళ్లాడు.

నగల షాపులో గోవిందరావు, పక్కన దీపిక. ఆమె ఉపేంద్ర వైపు చూడలేదు. అద్దంలోంచి రోడ్డు మీద పోయే ఆటోల్ని లెక్కపెడుతున్నట్టు కూర్చుంది.

"అబ్బాయి వేలి కొలత తెచ్చేరా?" అన్నాడు షాపతను.

గోవిందరావు నాలిక్కరుచుకున్నాడు. "అదే మర్సిపోయేను. ఇంచుమించు ఈ గుంటడిలాగే ఉంటాడు. ఏదిరా, ఏలు ఇటియ్యి."

ఉపేంద్ర వేలిచ్చాడు. ఉంగరం సాఫీగా ఎక్కింది. షాపతను బిల్లు రాసి, మిషను ముందుకు జరిపాడు. కార్డు పెట్టాడు. పిన్ను నాలుగంకెలు. ఒకటి నొక్కాడు. రెండు. మూడు.

అక్కడ వేలు ఆగింది. సింగపూర్ విమానం కళ్ల ముందు కదిలింది. కిటికీ పక్కన తను. పక్క సీటు ఖాళీ. దాని మీద దుప్పటి, దిండు, ఫ్రీ చెప్పులు. ఆ సీటు కోసం తను అమ్మేస్తున్నది ఎవర్నో అతనికి అప్పుడు అర్థమైంది. మిషను కీచుమని అరిచి ఊరుకుంది.

"సర్వర్ డౌనా బాబూ?" అన్నాడు షాపతను.

"సర్వర్ బాగానే ఉన్నాది. నేనే గీయను." ఉపేంద్ర కార్డు లాగేశాడు. "మావా, ఈ ఉంగరానికి నేను గీయలేను. నాకు దీపిక కావాలి. ఇన్నాళ్లూ రెండు టికెట్లకి పాయింట్లు పోగేస్తన్నాను. అవి పూర్తయ్యేక అడుగుదామనుకున్నాను."

గోవిందరావు నోరు తెరుచుకుంది. దీపిక ఆటోల్ని వదిలేసి ఇటు తిరిగింది. మొహం ఎర్రగా ఉంది.

"సింగపూర్ నేనడిగేనా? ఎప్పుడైనా అడిగేనా? గురువారం నీ ఎదురుగా నిలబడ్డాను. ఒక్క మాట సాలు నాకు. దానికెన్ని పాయింట్లు కావాలి నీకు?"

"తప్పయిపోనాది."

"తప్పు కాదు, బుద్ధిలేమి. ఇంకొక్క అంకె నొక్కితే నేను విజయనగరం పోదును!"

"ఆగవే," అన్నాడు గోవిందరావు. ఉపేంద్ర మొహంలోకి కాసేపు చూశాడు. వ్యాపారి కదా, లెక్క తేల్చుకుంటున్నాడు. "ఆరు పెళ్లిళ్లకి రెండేసి శాతం ఇందుకా కట్టేవు? వట్టి ఎర్రోడివనుకున్నానురా."

"ఎర్రోడే నాన్నా," అంది దీపిక. గొంతు తగ్గింది. "కానీ నువ్వు విజయనగరం ఫోను సెయ్యి. తాంబూలాలింకా పుచ్చుకోలేదు కదా. వాళ్ల మొహం మీద అబద్ధం సెప్పకు. పిల్ల మనసు వేరే ఉందని సెప్పు."

గోవిందరావు నిట్టూర్చి, ఫోను తీసి బయటికెళ్లాడు. పావుగంట రోడ్డు మీద తిరుగుతూ, దండాలు పెడుతూ, తిట్లు తింటూ మాట్లాడాడు. చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చి, ఉపేంద్ర వేలికింకా ఉన్న ఉంగరాన్ని చూశాడు.

"తియ్యకు, ఉండనీ. బుధవారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా. ఏటి బాబూ, నగదిస్తే మజూరీ ఎంత తగ్గిస్తావు?" అని షాపతని వైపు తిరిగి, సంచీలోంచి కట్టలు తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు.

ఉపేంద్ర ఆ కట్టల్ని చూశాడు. అరవై ఎనిమిదివేలు. కళ్లెదుటే. ఒక్క పాయింటు లేకుండా. గుటక మింగాడు.

దీపిక ఆ గుటకని చూడనే చూసింది. దగ్గరికి జరిగింది.

"ఎన్ని పోయేయి?"

"పదకొండువేల మూడువందల అరవై."

"బాధగా ఉందా?"

ప్రేమికుడన్నవాడు ఇలాంటప్పుడు ఏమనాలో అతనికి తెలుసు. నీ ముందు అవెంత అనాలి. ఆమె కళ్లలోకి చూశాడు. ఆ కళ్లకి దొంగనోటు ఇచ్చి తప్పించుకోవడం ఎవరి వల్లా కాదు.

"ఉన్నాది," అన్నాడు.

దీపిక షాపు షాపంతా తిరిగి చూసేలా పకపకా నవ్వింది. నవ్వుతూనే, తండ్రి అక్కడే ఉన్నాడని కూడా చూడకుండా, అతని చెయ్యి పట్టుకుంది.

"లేదనుంటే ఈ బస్సుకే ఇంటికెళ్లిపోదును," అంది.