బెంగ భరోసా

ఎండ వరండా మెట్ల మీదికి జారేసరికి మిరియం మళ్ళీ లేచింది.

అప్పటిదాకా గోడవైపు ముఖం పెట్టి, కళ్ళు తెరిచే పడుకుని ఉన్న ఆ నల్లకుక్క, ఎవరో తట్టి లేపినట్టు ఒక్కసారిగా చెవులు నిక్కించి, తోక ఊపుకుంటూ గేటు దగ్గరికి పరుగెత్తింది. కమ్మీల మధ్య ముక్కు దూర్చి చూసింది. రోడ్డు మీద ఎవరూ లేరు. కొండ దిగువన సముద్రపు గోడ, దాని అవతల పాత భీమిలి మేడల పైకప్పులను తడుపుతున్న నీళ్ళు, అంతే. తోక వేగం తగ్గింది, ఆగిపోయింది. కాసేపు అలాగే నిలబడి, తప్పు చేసినదానిలా తల వాల్చుకుని వచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది.

హాలులో గోడతెర మీద మిరియం పేరు పక్కనున్న గీత ఎర్రబడి నిట్టనిలువుగా లేచింది.

సంహితమ్మ గిన్నె పట్టుకుని దాని పక్కన కూర్చుంది. "నెత్తళ్ళు వేయించి కలిపానే. రెండు ముద్దలు తిను. నా మొహం చూసి కాకపోతే చేప మొహం చూసి తిను."

మిరియం వాసన కూడా చూడలేదు. కాస్త దూరంలో ఉన్న పసుపురంగు బొజ్జకుక్క బొబ్బట్టు మాత్రం, అవకాశం వస్తే ఆ భారం తాను మోస్తానన్నట్టు ముందుకు జరిగింది.

సంహితమ్మది తోడిల్లు. యజమానులు ఊళ్ళు వెళ్ళినప్పుడు కుక్కలను కనిపెట్టుకుని ఉండే ఇల్లు. విశ్వవిద్యాలయంలో సాక్ష్యచట్టం బోధించి విరమించాక, మనుషుల సాక్ష్యాలతో విసిగిపోయి ఈ పని పెట్టుకుంది. ఆ రోజుల్లో మనోపట్టీ లేని కుక్క లేదు. మెడకు కట్టిన ఆ సన్నని పట్టీ కుక్క మనసును చదివి, గీతగా మార్చి, యజమాని ఎక్కడ ఉంటే అక్కడికి పంపుతుంది. ఆకుపచ్చ అయితే నెమ్మది, ఎరుపు అయితే బెంగ. పట్టీ కట్టకుండా కుక్కను ఒకరికి అప్పగించడం నేరం. నమ్మకమైన తోడిల్లు ఏదని జనం ఒకరినొకరు అడగడం మానేసి చాలా కాలమైంది. గీత చూసుకుంటే సరిపోతుంది.

కుక్క హాయిగా ఉందని తెలిస్తే యజమాని సంతోషిస్తాడని పట్టీని తయారుచేసినవారు అనుకున్నారు. మనుషుల గురించి వారికి అంతే తెలుసు. సంహితమ్మ ఇంట్లో కుక్కలు వచ్చిన మర్నాటికే కుదుటపడేవి. దానికి ఆమె పద్ధతి ఒకటుంది. యజమాని జారుకోవడానికి వీల్లేదు. వరండాలో కుక్క ఎదుట గొంతుక్కూర్చుని, దాని మొహంలోకి చూసి "వెళ్ళొస్తాను" అని చెప్పి మరీ వెళ్ళాలి. చెప్పకుండా పోయినవారి కోసం కుక్క గేటుకు కళ్ళప్పగిస్తుంది. చెప్పి వెళ్ళినవారి కోసం ఒక పూట వెతికి ఊరుకుంటుంది. ఈ పద్ధతే ఆమెకు చేటు తెచ్చింది. దుబాయి నుంచి వచ్చిన ఒక ఇంజనీరు పచ్చగీతను చూపించి, "నేను లేకపోయినా వీడికి చీమ కుట్టినట్టయినా లేదేమిటండీ?" అని నిలదీశాడు. తర్వాత కుక్కను వేరే చోట పెట్టాడు. ఆ వేరే చోట గీత ఎర్రగా ఉంటుందట. ఆయన ఎంతో ఊరట చెందాడట.

గోడతెర మోగింది. నికోబారు నుంచి లాస్య. చదువుకునే రోజుల్లో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు. నీళ్ళ మీద తేలే కాలనీలకు నక్షాలు గీస్తుంది. ఎనభయ్యేళ్ళ దాకా ఉద్యోగాలు చేసే తరం వారిది.

"ఏమే సంహీ, చూశావుటే? నిన్నటికన్నా ఎక్కువుంది ఇవాళ."

"చూశాను. అన్నం ముట్టడం లేదు. డొక్కలు లెక్కపెట్టుకోవచ్చు."

"పిచ్చిముండ. నేనంటే అంత ప్రాణం దానికి." లాస్య గొంతులో జాలి ఉంది. జాలి అడుగున ఇంకేదో కూడా ఉంది. "మా మేనేజరుకి చూపించానే ఆ గీత. ఆవిడ పిల్లికి బెంగ పదో వంతైనా లేవదు. పాపం, మొహం చిన్నబుచ్చుకుంది."

"లాస్యా, నేను కుక్క గురించి మాట్లాడుతున్నాను."

"నేనూ దాని గురించేనే. నువ్వుండగా నాకు దిగులేంటి? ఎంతమంది తోడిళ్ళవాళ్ళున్నా నిన్ను నమ్మే కదా అక్కడ పెట్టాను."

తెర ఆరిపోయాక సంహితమ్మ చాలాసేపు మిరియం వీపు నిమురుతూ కూర్చుంది. ఆమెను తొలుస్తున్నది ఒక్కటే. లాస్య పద్ధతి ప్రకారమే సెలవు తీసుకుంది. మిరియం మొహమంతా ముద్దులు పెట్టి మరీ వెళ్ళింది. మొదటి రోజుల్లో కుక్క తిన్నది, ఆడింది, బొబ్బట్టు చెవి కొరికింది. గీత పచ్చగానే ఉంది. బెంగ అంటే మొదట్లో ఉండి తగ్గాలి. సగంలో పుట్టిన బెంగ ఎక్కడిది? సాక్షి అబద్ధం చెప్పకపోవచ్చు. కాని సాక్షికి ఎవరో నేర్పి ఉండవచ్చు. తరగతిలో ఈ మాట చెప్పి చెప్పి ఆమె నోరు అరిగింది.

మర్నాడు ఆమె మిరియంను కాక బొబ్బట్టును గమనించింది. ఎండ మెట్ల మీదికి రాగానే మిరియం గేటువైపు పరుగెత్తింది. రోడ్డు మీద మనిషి అలికిడి ఉంటే బొబ్బట్టు కూడా గేటువైపే చూడాలి. అది గేటును చూడలేదు. తల ఒక పక్కకు వంచి, మిరియం మెడను చూసింది.

ఆ మరుసటి రోజు ఎండ వాలే వేళకు సంహితమ్మ వరండా గచ్చు మీద పడుకుంది. మోకాళ్ళు మొరాయించాయి. మిరియంను దగ్గరికి తీసుకుని, పట్టీకి తన చెవి వెనక ఎముకను ఆనించి, కళ్ళు మూసుకుంది. వీధిలో చూసినవారు ముసలావిడకు మతి పోయిందనుకుని ఉంటారు.

ముందు పట్టీ సన్నగా వణికింది. తర్వాత గాలిలోంచి కాక, తన కపాలంలోంచే వచ్చినట్టు ఒక గొంతు పలికింది.

"మిరియం, వచ్చేశానే. గేటు దగ్గరికి రా తల్లీ. వచ్చేశాను."

మిరియం ఆమె చేతుల్లోంచి విదిలించుకుని పరుగెత్తబోయింది. సంహితమ్మ గట్టిగా పట్టుకుంది. గొంతు మళ్ళీ అదే మాట అన్నది. ఆ మాట వెనక, దూరంగా, చెంచా గ్లాసుకు తగిలిన చప్పుడు. ఇంకెవరో ఆడమనిషి గొంతు, లోపలి గదిలోంచి.

"లాస్యా, కాఫీ చల్లారిపోతోందే."

ఆ రెండో గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి సంహితమ్మకు కొంత వ్యవధి పట్టింది. అది తనదే.

అయితే ఈ అబద్ధం ఈ ఇంట్లోనే తయారైంది. తాను వంటింట్లో డికాక్షను దించి పంచదార కలుపుతుంటే, వరండాలో కూర్చుని లాస్య దీన్ని పట్టీకి అప్పజెప్పింది. ఆ తర్వాత లోపలికి వచ్చి, కాఫీ తాగి, "నీ చేతి కాఫీ తాగితే గాని ఊరు దాటబుద్ధి కాదే" అంది.

సంహితమ్మ మిరియం మెడ నుంచి పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. గోడతెర కేకలు పెట్టింది. దానిలో తెల్లచొక్కా కుర్రవాడు ప్రత్యక్షమయ్యాడు. పట్టీల సంస్థ సమన్వయకర్త, పేరు ఇహాన్.

"నమస్కారమమ్మా. మీ ఇంట్లో పట్టీ ఒకటి ఊడిపోయినట్టుంది."

"ఊడిపోలేదు. ఊడదీశాను."

"పొరపాటున అని రాసుకోమంటారా?"

"బుద్ధిపూర్వకంగా అని రాసుకోండి. ఈ పట్టీ రోజూ కుక్కతో అబద్ధమాడుతోంది. ఎముకలోంచి మాట్లాడుతోంది, పక్కవారికి వినబడకుండా."

అతని మొహంలో ఆందోళన పోయి ఉపశమనం కనిపించింది. "అదా అమ్మా. అది లోపం కాదు, సేవ. బెంగ భరోసా అంటాం. యజమాని కోరితేనే పెడతాం, వాళ్ళ గొంతుతోనే."

"కుక్క కోరిందా?"

అతను దాన్ని హాస్యంగా తీసుకుని నవ్వాడు. "ఎదురుచూస్తుంది కదమ్మా. ఎదురుచూపంటే ప్రేమే కదా. దూరాన ఉన్నవాళ్ళకి అది కనిపిస్తే కొండంత ధైర్యం. ఇప్పుడు శిశుగృహాల్లో పిల్లలక్కూడా పెట్టమని అడుగుతున్నారు."

"ఎదురుచూపు ప్రేమే కావచ్చు బాబూ. రాని మనిషి వచ్చిందని చెప్పి గేటుకు పరుగెత్తించడం మోసం. ఆ పరుగును గీతగా గీసి చూపించడం దొంగసాక్ష్యం. ఆ దొంగసాక్ష్యం నా ఇంట్లో పుట్టించారు. కుక్క తిండి మానేస్తే నా చేతి దోషమేమోనని నేను తల బద్దలు కొట్టుకున్నాను."

"ఇంతమంది తోడిళ్ళవాళ్ళున్నారు, ఎవరూ ఇలా బాధపడలేదమ్మా."

"వాళ్ళకు తెలుసా?"

"తెలుసమ్మా. ముందే చెబుతాం. మీ విషయంలో మాత్రం..." అతను పక్కకు చూశాడు, ఏదో చదువుతున్నట్టు. "మీకు చెప్పొద్దని యజమానే కోరారు. చెబితే మీరు ఒప్పుకోరన్నారు."

తెలియక చేసిన తప్పును మన్నించే మార్గం ఉంటుంది, అనుకుంది సంహితమ్మ. తన గురించి ఇంత బాగా తెలిసి, ఆ ఎరుకనే తన కళ్ళకు గంతగా కట్టిన మనిషికి ఏ మార్గముంది?

పట్టీ మళ్ళీ కట్టనంటే తోడింటి అనుమతి నిలిచిపోతుందని అతను ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆమె కట్టనంది. అనుమతి నిలిచిపోయింది. బొబ్బట్టు యజమాని వచ్చి, "మీ మీద నమ్మకం లేక కాదండీ, రూల్స్ కదా" అని నసుగుతూ దాన్ని తీసుకుపోయాడు. వచ్చే నెల రావలసినవారు ఒక్కొక్కరే రామని కబురు చేశారు. కారణం ఎవరూ అడగలేదు. గోడతెర మీద గీతలన్నీ చెరిగిపోయి ఖాళీగా ఉంటే, ఆమె దాని మీద దుప్పటి కప్పింది.

లాస్యకు ఒక్క వాక్యం పంపింది: "పట్టీ తీసేశాను, వచ్చి నీ కుక్కను తీసుకువెళ్ళు." ఆ తర్వాత లాస్య చేసిన పిలుపులకు జవాబివ్వలేదు.

పట్టీ లేకపోయినా కొన్నాళ్ళు ఎండ వాలేవేళకు మిరియం తలెత్తేది. ఎముకలో ఏమీ పలకక మళ్ళీ వాల్చేసేది. తర్వాత తలెత్తడం కూడా మానింది. ముందు చేతిలో ముద్ద నాకింది. ఒక ఉదయం గిన్నె నాకి, ఇంకా ఏదైనా ఉందా అన్నట్టు ఆమె వంక చూసింది. ఆ చూపు కోసం తన తోడింటిని ధార పోసినా నష్టం లేదనిపించింది సంహితమ్మకు. నిజానికి ధార పోసింది కూడా.

లాస్య వచ్చింది. గేటు అవతలే సంచీ పడేసి, కమ్మీలు పట్టుకుని, పొంగిపోతూ పిలిచింది.

"మిరియం, వచ్చేశానే. రా తల్లీ. వచ్చేశాను."

వరండాలో మిరియం చెవులు నిక్కలేదు. వాలిపోయాయి. లేచి, గోడవైపు తిరిగి, మళ్ళీ పడుకుంది.

లాస్య మరోసారి పిలిచింది. ఇంకోసారి. పిలిచిన కొద్దీ కుక్క మూలకు ముడుచుకుపోయింది. లాస్య గేటు తోసుకుని వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"ఏం చేశావే నా కుక్కని?"

"అన్నం పెట్టాను."

"నన్ను పోల్చుకోవడం లేదే అది."

"బాగా పోల్చుకుంది. ఆ గొంతు వినబడితే ఎవరూ రారని దానికి తెలుసు. రోజూ చెప్పింది నువ్వే. నువ్వు పెట్టిన పాఠం అది తు.చ. తప్పకుండా నేర్చుకుంది."

లాస్య మెట్టు మీద కూలబడింది. "గొంతు ఇచ్చి పెట్టినా, మొదట్లో వాడొద్దనే అనుకున్నానే. ఆ గీత పచ్చగా పడి ఉంటే, నేను పోయినా ఇలాగే పచ్చగా ఉంటుంది కదా అనిపించింది. ఎక్కడో ఒకచోట ఒక ప్రాణి నా కోసం ఏడుస్తోందని తెలిస్తే తప్ప అక్కడ నాకు కంటిమీద కునుకు పడలేదు. నీకు అర్థం కాదు. నీకు ఎవరూ అక్కర్లేదు."

"నాకు అర్థమైంది. అది తిండి మానేస్తే నువ్వు నిద్రపోయావు."

తర్వాత ఇద్దరూ ఊరుకున్నారు. అలా నిశ్శబ్దంగా ఉన్న కాసేపట్లో మిరియం ముక్కు కదిలింది. అది మెల్లగా లేచి, పొట్ట నేలకు రాసుకునేంత వంగి, లాస్య పాదం దగ్గరికి వచ్చి వాసన చూసింది. చీర అంచు వాసన చూసింది. తోక ఒకసారి ఇటు, ఒకసారి అటు కదిలింది. లాస్య చెయ్యి చాచితే అరచేతిలో మొహం పెట్టి మూలిగింది.

"తల్లీ..." అంది లాస్య ఉబ్బితబ్బిబ్బై.

మిరియం ఒళ్ళు కాలినట్టు వెనక్కు గెంతి గోడవైపు పోయింది.

లాస్య సంహితమ్మ వంక చూసింది. సంహితమ్మ చూపు తిప్పుకోలేదు, సాయమూ చెయ్యలేదు. లాస్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి కూడా చప్పుడు కాకుండా కూర్చుంది. చాలాసేపటికి కుక్క మళ్ళీ వచ్చింది. మళ్ళీ పాదం, మళ్ళీ చీర అంచు. ఈసారి లాస్య పెదవి కదపలేదు. కన్నీళ్ళు మాత్రం కారాయి. వాటికి చప్పుడు లేదు కనుక మిరియం వాటిని నాకింది.

బయలుదేరేటప్పుడు మిరియం లాస్య కాలికి రాసుకుంటూ నడిచింది. గేటు దగ్గర లాస్య ఆగి వెనక్కు తిరిగింది. సంహితమ్మ వరండా స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. లాస్య నుంచి ఆమెకు రావలసిన మాట ఒకటుంది, క్షమించమనే మాట. అది ఇప్పుడు వస్తుందని, వస్తే తాను కరగకూడదని ఆమె మనసును రాయి చేసుకుని నిలబడింది.

లాస్య పెదవులు విడిపడ్డాయి. కాళ్ళ దగ్గర కుక్క తలెత్తి ఆ పెదవుల వంక చూసింది. లాస్య నోరు మూసుకుంది.

లాస్యా, మిరియమూ కొండ దిగిపోయారు. కుక్క లేకపోతే లాస్య ఆ మాట అని ఉండేదా, లేక నోరు మూసుకోవడానికి కుక్క ఒక సాకుగా దొరికిందా అన్నది సంహితమ్మ ఎంతకీ తేల్చుకోలేకపోయింది. సాక్ష్యం లేదు.