రెండుసార్లు కొలిచిన తూటా

"ఆ పనిముట్టు మీకు అమ్మను" అంది బ్రిట్టా హాగెన్.

కౌంటర్‌కి అవతల నిలబడ్డ యువకుడి టోపీ అంచు నుంచి వాన నీళ్ళు టపటపా గాజు మీద పడుతున్నాయి. అతను వాటిని చేత్తో తుడిచి, మరిన్ని కార్చాడు.

మోంటానాలో సెప్టెంబరు వాన అది. ఎల్క్ అనే పెద్ద దుప్పుల వేట మొదలవడానికి ఇంకా ఆరు వారాలుంది. కోల్డ్ ఫోర్క్ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క తుపాకుల కొట్టు హాగెన్‌లది. తూటాలు తామే నింపుకునే మొండివాళ్ళంతా ఆ రోజుల్లో ఆ కొట్టు చుట్టూనే తిరుగుతారు. కాల్చిన తూటా ఇత్తడి గొట్టాన్ని వాళ్ళు పారెయ్యరు. మళ్ళీ మందు పోసి, గుండు బిగించి వాడుకుంటారు. అయితే కాల్చిన ప్రతిసారీ ఆ గొట్టం మెడ వెంట్రుకవాసి సాగుతుంది. సాగింది కత్తిరించకపోతే తుపాకీ లోపల గుండును బిగబట్టేస్తుంది, పేలుడు వెనక్కి తన్నవచ్చు. ఆ కత్తిరించే పనిముట్టు దగ్గరే ఇద్దరికీ పేచీ వచ్చింది.

"నా దగ్గర మూడొందల గొట్టాలున్నాయి" అన్నాడతను. "దీన్ని డ్రిల్లుకి తగిలిస్తే గంటలో అయిపోతాయి. మీరు చూపిస్తున్న ఆ చేత్తో తిప్పేదైతే మంచు పడేదాకా తిప్పాలి."

"పడనివ్వండి. మంచుకి తొందర లేదు, ఎల్క్‌కీ లేదు. మీకే ఉంది."

ఆమె ఓపిగ్గానే చెప్పింది. డ్రిల్లుకి తగిలించేది గొట్టం భుజం దగ్గర, అంటే మెడ కింది వాలు దగ్గర, ఆగి అక్కణ్ణించి కొలుస్తుంది, కాబట్టి ముందు గొట్టాన్ని ప్రెస్సులో సైజుకి నొక్కి, ఆ తర్వాతే కత్తిరించాలి. చేత్తో తిప్పేది గొట్టం అడుగు పట్టుకుని కొలుస్తుంది, చేతికి తేడా తెలుస్తుంది. కొత్తవాళ్ళకి అదే మంచిది.

"నేను కొత్తవాణ్ణని ఎవరు చెప్పారు?"

"పెట్టె తలకిందులుగా పట్టుకున్నారు."

అతను పెట్టె వైపు చూసి, సిగ్గుపడి, దాన్ని తిప్పి పట్టుకున్నాడు గానీ మాట మార్చుకోలేదు. చేసేది లేక బ్రిట్టా వారంటీ కార్డు తీసి పేరడిగింది.

"ఎమెట్ సోర్లీ."

కలం ఆగిపోయింది.

ఇరవై రెండేళ్ళుగా సోర్లీలెవరూ ఈ గడప తొక్కలేదు. అప్పట్లో బ్రిట్టా తండ్రి హాల్వర్, ఎమెట్ తండ్రి ఆర్లెన్ సోర్లీ ప్రాణస్నేహితులు. ఆర్లెన్ నింపిన తూటా హాల్వర్ తుపాకీలో వెనక్కి పేలి అతని కుడికన్ను పోయింది. బ్రిట్టాకప్పుడు నాలుగేళ్ళు. ఒకరు నింపిన తూటా ఇంకొకరు కాల్చకూడదన్నది ఆ వేటగాళ్ళ నియమం. హాగెన్‌ల ఇంట్లో అది ఒట్టుకంటే గట్టిది.

"మా నాన్న మార్చిలో పోయారు" అన్నాడు ఎమెట్, కౌంటర్ మీద తడినే చూస్తూ. "షెడ్డులో ప్రెస్సుంది, అచ్చులున్నాయి, త్రాసుంది. కత్తిరించేదొక్కటే లేదు. అది ఈ కొట్లోనే కొనాలనిపించింది."

బ్రిట్టా ఆ పనిముట్టు పెట్టె అతని వైపు జరిపింది. కార్డు నింపి అతనికిస్తూ, "ఒక షరతు" అంది. "ఒక్కటైనా కాల్చే ముందు నాకు చూపించాలి."

తర్వాతి వారం అతను తుపాకీ నూనె కోసం వచ్చాడు. ఆ తర్వాత తుడుచుకునే గుడ్డల కోసం. మూడు రోజులకి మళ్ళీ నూనె కోసం.

"మొన్నటి సీసా తాగేశారా?" అని అడిగింది బ్రిట్టా.

అతను నవ్వాడు. నవ్వితే చెవులు ఎర్రబడే మనిషి. ఆవుల గురించి, కూలిన కంచె గురించి, తండ్రి లేని ఇంట్లో రెండు కప్పుల కాఫీ కలిపేసే తన అలవాటు గురించి చెప్పేవాడు. వెనక గదిలో హాల్వర్ ఆకురాయి చప్పుడు ఆగిపోయేది. అతను బయటికి వచ్చేవాడు కాదు. ఎమెట్ రాని రోజున బ్రిట్టా తలుపు గంట మోగినప్పుడల్లా తలెత్తి, వచ్చినవాళ్ళ మీద ఊరికే విసుక్కునేది. ప్రేమించానని తనకి తాను ఒప్పుకోవడానికి ఆమెకి పది రోజులు పట్టింది. నాన్నకి చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

అక్టోబరు మొదటి వారంలో ఎమెట్ చిన్న పెట్టె తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఇరవై తూటాలు, నింపినవి. మూత మీద తేదీ, పేరు, పొందికైన అక్షరాల్లో రాసి ఉన్నాయి.

బ్రిట్టా ఒకటి తీసి గుండు ఊడబెరికింది. మందు పళ్ళెంలో ఒంపి, ఖాళీ గొట్టాన్ని పొడవు కొలిచే కాలిపర్‌లో పెట్టింది. రెండోది తీసింది. మూడోది తీసింది.

"ఏది ముందు చేశారు?" అంది నెమ్మదిగా.

"కత్తిరించాను. కొలిచాను, సరిగ్గానే ఉంది. తర్వాత ప్రెస్సులో..."

చెబుతూనే అతనికి అర్థమైంది. ప్రెస్సులో నొక్కితే ఇత్తడి మళ్ళీ ముందుకి సాగుతుంది. వరస తప్పింది. మూడు మెడలూ పొడుగే.

ఎమెట్ ముఖం పాలిపోయింది. "మా నాన్న చేసిందే నేనూ చేశాను" అన్నాడు. "ఇది మా రక్తంలోనే ఉంది. అన్నీ అమ్మేస్తాను."

"మీ నాన్న చెయ్యలేదు."

హాల్వర్ వెనక గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఆకురాయి అలాగే ఉంది.

"ఆ తూటాలింకా కొలవలేదు, ముట్టుకోకు అన్నాడు ఆర్లెన్. కాఫీ తేవడానికి లోపలికెళ్ళాడు. ఆ రోజు వేట మొదటి రోజు. నేను ఆగలేక పెట్టె తీసుకుని కొండెక్కాను. ఆసుపత్రిలో తెలివొచ్చేసరికి ఊరంతా అతన్నే తిడుతోంది. నేను నోరు మూసుకున్నాను."

"ఆయన మళ్ళీ తూటా నింపలేదు" అన్నాడు ఎమెట్. "ఎందుకు నాన్నా అంటే, నాకు తొందరెక్కువ అనేవాడు."

"ఆ తొందర నాది" అన్నాడు హాల్వర్.

ఎమెట్ టోపీ పెట్టుకుని, బ్రిట్టా వైపైనా చూడకుండా వెళ్ళిపోయాడు. పెట్టె అక్కడే ఉండిపోయింది.

ఆ సాయంత్రం హాల్వర్ బల్ల కింద నుంచి చేత్తో తిప్పి గొట్టాలు కత్తిరించే తన పాత ట్రిమ్మర్ తీసి కూతురి ముందు పెట్టాడు. దీన్ని అతనికిచ్చి రమ్మన్నాడు.

"నేనివ్వను" అంది బ్రిట్టా. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. "నీ నోటికి ఇరవై రెండేళ్ళు పట్టింది. నీ కాళ్ళకైనా అంత పట్టనివ్వకు. నువ్వే పద."

ఇద్దరూ వెళ్ళారు. ఎమెట్ తలుపు తీసి చూసి, పక్కకి జరిగాడు. పొయ్యి మీద రెండు కప్పుల కాఫీ మరుగుతోంది. మూడో కప్పుకి నీళ్ళు పోశాడు.

తర్వాత రెండు వారాలు సాయంత్రాలు ఆర్లెన్ షెడ్డులోనే గడిచాయి. పొడుగు తేలిన తూటాలన్నీ విప్పారు. ఎమెట్ నొక్కేవాడు, హాల్వర్ ట్రిమ్మర్ పిడి తిప్పేవాడు, బ్రిట్టా అంచులు నున్నచేసేది. మూడొందల గొట్టాలూ నిజంగానే మంచు పడేదాకా పట్టాయి. ఎవరూ దాని గురించి ఎగతాళి చెయ్యలేదు, ఒక్క బ్రిట్టా తప్ప.

వేటకి ముందు రోజు ముగ్గురూ ఊరి చివర కంకర గోతి దగ్గరికి వెళ్ళారు. తుపాకుల గురి సరిచూసుకునేది అక్కడే. పలచగా మంచు కురుస్తోంది. బ్రిట్టా తన రైఫిల్ తెరిచి, ఎమెట్ ముందు అరచెయ్యి చాపింది.

"ఒకటివ్వు."

"మీ సొంతవి తెచ్చుకున్నారుగా."

"నువ్వు నింపింది ఇవ్వమంటున్నాను."

అతను పెట్టె మూత మీద చెయ్యి తియ్యలేదు.

"కొలిచావా?"

"రెండుసార్లు."

"మరింకేం భయం?"

"భయం తూటా గురించి కాదు, బ్రిట్టా. నీకేమన్నా అయితే నేను బతకలేను" అన్నాడు ఎమెట్. మొదటిసారి ఆమెని పేరు పెట్టి పిలిచాడు. చెవులు ఎర్రబడలేదు.

బ్రిట్టా చాపిన చెయ్యి అలాగే ఉంచింది. కళ్ళు నిండాయి. అప్పుడు ఇద్దరి మధ్యకి మరో చెయ్యి వచ్చింది, ముసలిది, నూనె మరకలది.

"ముందు నాకు" అన్నాడు హాల్వర్. "ఆ రోజు అడక్కుండా తీసుకున్నాను. ఈసారి అడుగుతున్నాను, బాబూ. ఒకటిస్తావా?"

ఎమెట్ పెట్టె తెరిచి ఒక తూటా ఆ అరచేతిలో పెట్టాడు.

హాల్వర్ కళ్ళద్దాలు సరిచేసుకుని, కూతురి రైఫిల్ ఎడమ భుజానికి ఆనించాడు. మిగిలిన ఒక్క కన్నుతో గురి చూశాడు. ఎమెట్ కళ్ళు మూసుకోలేదు.

చప్పుడు కొండకి తగిలి తిరిగొచ్చింది. అంతే, ఇంకేమీ జరగలేదు.

హాల్వర్ వంగి, మంచులో పడ్డ ఖాళీ గొట్టాన్ని ఏరి, ఇంకా వెచ్చగా ఉన్న దాన్ని ఎమెట్ చేతిలో పెట్టాడు. "మీ నాన్నకి చెప్పలేకపోయాను" అన్నాడు. తర్వాత రైఫిల్ బ్రిట్టాకి అందించి, కూతురి వైపు తల ఊపాడు.

"ఇప్పుడు దానికివ్వు."