తొందరపడిన కాలేయం

2086లో విశాఖ తీరాన తేలే కాలనీలో పసిబిడ్డకు జ్వరం వస్తే, మందు ఎన్ని చుక్కలు వెయ్యాలో బిడ్డ మడమకు అతికించిన మెత్తటి పట్టీ చెప్పేది. దాని పేరు పక్వమాపిని. పరీక్ష కోసం రెండు వందల ఇళ్ళకు ఇచ్చారు.

దాన్ని కనిపెట్టిన నీలవేణి తల్లులకు ఇలా వివరించేది: "పుట్టిన బిడ్డ కాలేయంలో మందుల్ని విరిచే ఎంజైములు చాలావరకు నిద్రలో ఉంటాయి. ఒకటి వారాల్లో లేస్తుంది, ఇంకొకటి నెలలు గడిస్తే గాని లేవదు. అందుకే పెద్దవాళ్ళ మోతాదును బరువు లెక్కన తగ్గించి వేస్తే సరిపోదు. ఏది లేచిందో ఈ పట్టీ చెమటలో చదువుతుంది."

మొదటి పట్టీ ఆమె కూతురు చినుకుదే. నాలుగు నెలల చినుకు కాలేయం ఏడాది బిడ్డ కాలేయంలా పనిచేస్తోందని తెలిసి నీలవేణి మురిసిపోయింది. శాస్త్రవేత్తల సభలో పట్టీ గీసిన ఆ ఎదుగుదల గీత చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు ల్యాబులో పట్టీల లెక్కలు చూసే యంత్రం అంది: "ఈ గీతను ప్రమాణంగా తీసుకోవద్దు. మిగతా పిల్లలకు మోతాదు మించిపోతుంది. చినుకు కాలేయం దానంతటది ఎదగలేదు. చెమటలో నిద్రమందు జాడ ఉంది. రోజూ అది పడుతుంటే, దాన్ని విరవడానికి ఎంజైములు తొందరపడి లేచాయి."

నీలవేణి ఇంటికి వచ్చి, బిడ్డను చూసుకునే మరిడమ్మను వాకిట్లో నిలబెట్టింది.

"పాపకు ఏం పడుతున్నావు?"

"నానేటీ పట్టనేదమ్మా. పాలు తప్ప ఏటీ ఎరగను."

ఇరుగుపొరుగు చూస్తుండగా నీలవేణి ఆమె సంచీ గుమ్మరించింది. దువ్వెన, తమలపాకులు, మనవరాలికి కొన్న జడపిన్నులు. మందు లేదు. అయినా రేపటి నుంచి రావద్దంది.

మరిడమ్మ వెళ్ళిన మూడో రోజు కూడా చెమటలో మందు తాజాగా కనిపించింది.

నీలవేణి భర్త సుధాముడిని అడిగింది. అతను తలెత్తకుండా చెప్పాడు: "సాయంత్రం రెండు చుక్కలు. నువ్వు రిపోర్టు రాసుకునేటప్పుడు ఏడవకుండా."

"నేను సంచీ గుమ్మరిస్తుంటే పక్కనే ఉన్నావు."

"నోరు రాలేదు. పాప అంత మత్తుగా పడుకుంటుంటే నువ్వూ ఎందుకని అడగలేదు, వేణీ."

ఆ సాయంత్రాల నిశ్శబ్దం నీలవేణికి హాయిగానే ఉండింది.

పిల్లల డాక్టరు మందును మెల్లగా మాన్పించే ఏర్పాటు చేశాడు. నీలవేణి మరిడమ్మ ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, తప్పు తమదేనని చెప్పింది. మళ్ళీ రమ్మంది.

"మందు దొరకనేదని ఎవులూ సెప్పుకోరమ్మా," అంది మరిడమ్మ. "సంచీ ఎతికారనే సెప్పుకుంటారు. నాను రాను."

నీలవేణి ల్యాబుకు తిరిగివచ్చి యంత్రాన్ని మిగతా ఇళ్ళ లెక్క తీయమంది. ఇంకో నలభై ఇళ్ళలో పిల్లల కాలేయాలు అలాగే తొందరపడ్డాయి. ఆ తల్లిదండ్రులను కారణం రాయమని అడిగింది. రెండు రోజుల్లో జవాబులన్నీ వచ్చాయి. నలభై ఇళ్ళ వాళ్ళూ రాసింది ఒకటే: "మా ఆయా వేసి ఉంటుంది."

"ఇంకొక్క ఇంటి జవాబు రావాలి," అంది యంత్రం. "చినుకు వాళ్ళది."

నీలవేణి "మేమే" అని రాసి, కింద సుధాముడి పేరు కంటే ముందు తన పేరు రాసింది.