ఇనప జాలీ కింద కూనిరాగం

నిన్న పొద్దుట్నుంచి అక్క కనిపించడం లేదు. చెరువుకి వెళ్లిందని టూర్ ఏజెంటు చెబితే, అందులో ఈతగాళ్లు దిగారు. ఏమీ దొరకలేదు.

రైల్వే స్టేషన్ ఎదుటి వీధిలో నడుస్తున్న చెల్లెలు ఉన్నట్టుండి ఆగిపోయింది.

"బాబాయ్, విను. అక్క కూనిరాగం!"

బాబాయ్ చెవి ఒగ్గాడు. పోలీసు ఉద్యోగంలో రిటైరై, అన్న కూతుళ్లిద్దరికీ పరాయి దేశం చూపిద్దామని వచ్చిన మనిషి. డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని భూతద్దం అనేవాళ్లు.

"నాకేం వినపడట్లేదు అమ్మలూ."

"చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చిన పాటే. నేల కిందనుంచి వస్తోంది!"

ఆయన నేల చూశాడు. టూర్ ఏజెన్సీ గుమ్మం ముందు కొత్త చాప. నిన్న అక్కడ ఇనప జాలీ ఉండేది. ఆయన చేతికర్ర మొన అందులోనే ఇరుక్కుంది.

పైన బోర్డు మీద పెద్ద 'ఐ' అక్షరం. సమాచారం దొరుకుతుందన్న గుర్తు.

"'ఐ' అని పెట్టుకుంటే అయినవాళ్లయిపోతారా?" అని గొణిగి లోపలికి వెళ్లాడు.

ఏజెంటు లేచి నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా అమ్మాయి ఎన్నింటికి వచ్చింది?"

"పదింటికి సార్. ఇది ప్రైవేటు ఏజెన్సీ, అసలు ఇన్ఫర్మేషన్ ఆఫీసు టౌన్‌హాల్ వెనక ఉందని పంపాను. మళ్లీ వచ్చింది. అక్కడి మేడమ్ చెరువుకి దారి రాసిచ్చిందట. ఈ మ్యాపు కుర్చీలో మరిచిపోయింది."

"మీరు తోడు వెళ్లలేదా?"

"ఒంటరిగానే వెళ్తానంది."

మ్యాపులో చెరువు చుట్టూ ఎర్ర సున్నా. పక్కన 'పడవ ఇక్కడే' అని రాత.

"ఇది అక్క రాత కాదు," అంది చెల్లెలు.

"మ్యాపు దొరికింది. మాపటికి మనిషీ దొరుకుతుంది." జోకు ఆయనదే. నవ్వు ఆయనకీ రాలేదు.

టౌన్‌హాల్ వెనక కౌంటర్‌లో మేడమ్ ఏడుస్తోంది. "రోజూ ఎంతోమంది వస్తారు సార్. ఆ పిల్ల గుర్తే లేదు. చేజేతులా చావుకి పంపానా?"

"నన్నూ పంపండి మేడమ్. చావుకి కాదు, చెరువుకి."

ఆవిడ మ్యాపు ఆయన ముందు పరిచింది. కళ్లు తుడుచుకుంటూనే దారి గీసి, రెండు మాటలు రాసింది.

బాబాయ్ ఆ కాగితాన్ని కన్నార్పకుండా చూశాడు.

"ఇన్‌స్పెక్టర్‌నీ, ఏజెంటునీ పిలిపించండి. ఇప్పుడే!"

ఇద్దరూ వచ్చారు. కౌంటర్ మీద రెండు మ్యాపులు పక్కపక్కన.

"మేడమ్ మ్యాపుని వచ్చినవాళ్ల వైపు తిప్పి పెడతారు. రాసేది మాత్రం తనున్న వైపు నుంచి. అందుకే వీధి పేర్లు మనకి నిటారుగా, ఆవిడ రాత తలకిందులుగా కనిపిస్తుంది. మరి నీ మ్యాపులో రెండూ నిటారుగానే ఉన్నాయేం నాయనా?"

ఏజెంటు తన మ్యాపు వెనక్కి లాక్కోబోయాడు.

"నీ బల్ల మీద నువ్వే రాశావు గనక. నీ 'ఐ' చూసి అదే అసలు ఆఫీసనుకుని నీ దగ్గరికి వచ్చింది మా పిల్ల. ఇక్కడికి రానేలేదు. టూరు పేరుతో టోకరా! చాప కింద ఏముంది?"

ఏజెంటు కూలబడ్డాడు.

"వీధి కింద పాత సొరంగం సార్, ఆ జాలీ దానిదే. మూసేశారు. దొంగచాటుగా చూపిస్తుంటాను. నిన్న మీ అమ్మాయితో దిగితే కప్పు కూలింది. ఆమె అటు, నేను ఇటు. పిలిస్తే పలకలేదు. పోయిందనుకున్నా. చెబితే జైలని..." చెవులు మూసుకున్నాడు. "కానీ ఆ పాట! చాప పరిచినా ఆగలేదు సార్, ఆ పాట!"

చెల్లెలు బాబాయ్ చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగింది.

"అక్క చెరువులో లేదమ్మలూ," అన్నాడు బాబాయ్, "చేరువలోనే ఉంది. పద!"

రాళ్లు తీసేసరికి సాయంత్రమైంది. ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో అక్క బయటికొచ్చింది. ప్రాణంతో.

జాలీ పక్కనే చెల్లెలు ఆమెని వాటేసుకుంది. "నీ పాట విన్నాను అక్కా! ఎవరూ నమ్మలేదు."

అక్క రెండు గుక్కలు నీళ్లు తాగి అయోమయంగా చూసింది.

"నేనెక్కడ పాడానే? గొంతెండిపోయి మాటే రాలేదు. పైనుంచి నువ్వు పాడుతున్నావనే కదా, ధైర్యంగా కూచున్నా."

ముగ్గురూ జాలీ వైపు చూశారు. కింద ఇంకెవరూ లేరని ఇన్‌స్పెక్టర్ అప్పుడే చెప్పాడు.

కూనిరాగం మాత్రం ఆగలేదు.

ఈసారి బాబాయ్‌కీ వినిపించింది. ఆయనకి జోకేదీ తట్టలేదు.