డిపెండెంట్ కాలమ్‌లో డెల్లా

డెల్లా ఫోన్‌లోంచి ఆ పియానో రెండు గంటల పది నిమిషాలుగా మోగుతూనే ఉంది. నాలుగు మెట్లు ఎక్కడం, నాలుగు మెట్లు దిగడం, మళ్ళీ ఎక్కడం. మధ్యమధ్యలో ఒకావిడ తేనె పూసిన గొంతుతో "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంటుంది. అంత ముఖ్యమైతే ఎత్తొచ్చు కదా తల్లీ!

అరిజోనా ఎడారిలో డిసెంబరు మొదటి వారం. ఇల్లులాంటి బళ్ళు నిలుపుకునే రస్టీ స్పర్ ఆర్వీ పార్కులో పన్నెండో నంబరు సైటు. డెల్లా తన బండి కిటికీలన్నీ తెరిచి, ఫోను స్పీకర్లో పెట్టి, గిన్నెలు తోముకుంటోంది. ఇల్లూ ఆఫీసూ వంటగదీ అన్నీ ఆ బండే. రెండేళ్ళుగా అందులోనే ఉంటూ దేశం తిరుగుతోంది.

ఎవరో తలుపు కొట్టారు. తీస్తే పొడుగాటి మనిషి. ఒక కళ్ళజోడు ముక్కుమీద, ఇంకోటి తలమీద.

"ఏవండీ, నేను పక్క సైటులో ఉంటాను. పేరు ఓరెన్. ఆ పాట కాస్త తగ్గిస్తారా? మీటింగ్‌లో ఉన్నాను. మా మేనేజరు 'ఎవరైనా పోయారా?' అని అడుగుతోంది."

"తగ్గిస్తే వాళ్ళు ఎత్తినప్పుడు నాకు వినపడదు."

"చెవి దగ్గర పెట్టుకోవచ్చుగా?"

"రెండు గంటలా? ఇదిగో, మీరు పెట్టుకోండి!"

సబ్బు చేత్తో ఫోను అతని మొహం ముందుకు చాచింది. సరిగ్గా అప్పుడే పియానో ఆగి, "హలో, మీకేవిధంగా సహాయపడగలను?" అంది ఒక గొంతు. డెల్లా గాభరాపడింది. సబ్బు చేతిలోంచి జారిన ఫోను మెట్టు మీద పడి, లైను కట్టయింది.

ఇద్దరూ ఫోను వంక చూశారు.

"మీవల్లే," అంది డెల్లా.

"నావల్లా? నేను ముట్టుకోనైనా లేదు!"

తలుపు దడాలున పడింది.

ఆమె కోపానికి కారణం లేకపోలేదు. పదకొండో ఏట నుంచీ డెల్లా ఇన్సులిన్ మీద బతుకుతోంది. ఇన్నాళ్ళూ తల్లి ఇన్సూరెన్సులో ఉంది. ఈ నెలలో ఇరవై ఆరు నిండాయి కాబట్టి ముప్ఫై ఒకటో తేదీతో అందులోంచి ఆమె పేరు కొట్టేస్తారు. ఈలోగా సొంతంగా ఒకటి తీసుకోకపోతే జనవరి నుంచి మందూ లేదు, డాక్టరూ లేదు.

తీసుకోవచ్చు, బోలెడున్నాయి. కాని ప్రతివాడూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "మీరు ఎక్కడ ఉంటారు?"

బండిలో కాపురముండే వాళ్ళందరూ చేసే తెలివైన పనే డెల్లా కూడా చేసింది. రాష్ట్రం పన్ను లేదని సౌత్ డకోటా వెళ్ళి, ఒక్క రాత్రి క్యాంపులో పడుకుని, ఆ రసీదు చూపించి అక్కడి మనిషినయ్యానని లైసెన్సు తీసుకుంది. అక్కడ ఆమెకున్న ఆస్తల్లా ఒక పోస్టు డబ్బా. ఆ తెలివే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. అక్కడి ఇన్సూరెన్సు అక్కడి డాక్టర్లకే చెల్లుతుంది. డెల్లా ఉన్నది పన్నెండు వందల మైళ్ళ అవతల.

మర్నాడు పొద్దున ఓరెన్ రెండు కాఫీలు పట్టుకుని వచ్చాడు.

"నిన్నటి దానికి సారీ. ఇవాళ మీటింగుల్లేవు. ఆ పాట నేను వింటాను, మీరు పని చూసుకోండి."

డెల్లాకి నవ్వు రాబోయింది. ఆపుకుంది. "క్రీం వేశారా?"

"తెలీక వేరే గిన్నెలో తెచ్చాను."

అలా మొదలైంది. నాలుగు రోజుల్లో 'ఏవండీ'లు రాలిపోయాయి. ఓరెన్ వంతెనలకి బీటలు వెతికే ఇంజనీరు. పాలసీ కాగితాల్ని కూడా అలాగే చదివేవాడు. ఫోను అవతల వాళ్ళతో డెల్లా పోట్లాడుతుంటే పక్కన కూర్చుని వేలితో లైను చూపించేవాడు.

"అంటే నేను ఇక్కడ కళ్ళు తిరిగి పడిపోతే డబ్బులిస్తారు," డెల్లా పళ్ళు కొరుకుతూ అంది ఫోనులో.

"ఎమర్జెన్సీ అయితే ఇస్తామండీ."

"పడిపోకుండా చూసుకునే డాక్టరు దగ్గరికి వెళ్తే ఇవ్వరు."

"ఆయన మా నెట్‌వర్కులో లేరండీ."

"మరి పడిపోయాకే ఫోన్ చేస్తాను!"

రస్టీ స్పర్‌లో సాయంత్రం నాలుగయితే అందరూ ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుని గుండ్రంగా కూర్చుంటారు. ఎవరి కుర్చీ వాళ్ళదే, అది పార్కు మర్యాద. ఐదో రోజు ఓరెన్ చంకలో రెండు కుర్చీలు కనపడ్డాయి. పార్కు నడిపే వెర్నాకి డెబ్బై ఏళ్ళు, కళ్ళు మాత్రం గద్ద కళ్ళు.

"ఆ రెండోది ఎవరికి నాయనా?"

"డెల్లా చేతిలో ఫోనుందని..."

"ఫోను మోసే పిల్ల కుర్చీ మోయలేదా? ఏమ్మా డెల్లా, ఇతగాడిది కంపెనీ ఇన్సూరెన్సు. యాభై రాష్ట్రాల్లో చెల్లుతుంది. చేసేసుకో, నీ గొడవా తీరుతుంది, మా చెవులకీ ఆ పియానో బాధ తప్పుతుంది!"

అందరూ విరగబడి నవ్వారు. ఓరెన్ చెవులు ఎర్రబడ్డాయి. డెల్లా కుర్చీలో కాస్త అతని వైపు జరిగింది. నిజం చెప్పొద్దూ, ఆ సాయంత్రం ఆమెకి బాగుంది.

పాడుచేసింది ఓరెనే.

ఇరవయ్యో తేదీన ఎడారిలో వాన పడింది. కుర్చీలు వదిలి అందరూ పరుగెత్తారు. ఈ ఇద్దరూ డెల్లా బండి పందిరి కింద చిక్కుకున్నారు. పందిరి మధ్యలో నీళ్ళు నిలిచి బానలా వేలాడుతోంది. ఆమె జడలోంచి చినుకులు అతని చేతిమీద పడుతున్నాయి. అతను చెయ్యి తీయలేదు.

"డెల్లా, బాగా ఆలోచించాను."

"ఏమిటి?"

"మనం పెళ్ళి చేసుకుందాం. కోర్టులో అరగంట పని. చేసుకున్న ముప్ఫై రోజుల్లోగా కంపెనీకి చెప్తే నిన్ను చేర్చుకుంటారు. ఫారం కూడా చూశాను, రెండే పేజీలు. డిపెండెంట్ అని ఒక కాలమ్ ఉంది, అందులో నీ పేరు..."

డెల్లాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"కాలమ్‌లో రాస్తావా నన్ను?"

"సాయం చేద్దామనే కదా..."

"సాయం! నా పదకొండో ఏట నుంచీ అందరూ నాకు సాయమే చేస్తున్నారు ఓరెన్. ఒక్కరైనా నన్ను కావాలనుకుని అడుగుతారేమోనని చూస్తున్నా. నువ్వు రెండు పేజీల ఫారం తెచ్చావ్. వెళ్ళు."

"వాన పడుతోంది."

"తడువు!"

తడిశాడు పాపం.

మర్నాడు డెల్లా నేరుగా వెర్నా ఆఫీసుకి వెళ్ళింది.

"నాకు ఆరు నెలలకి సైటు రాసిచ్చేయండి. సంతకాలతో, తేదీలతో."

వెర్నా కళ్ళు పెద్దవి చేసింది. "నువ్వా? రెండు వారాలు ఒకచోట కాలు నిలవని పిల్లవి! జూన్‌లో ఇక్కడ నేల మీద గుడ్డు కొడితే ఉడుకుతుంది, తెలుసా?"

"ఈ కౌంటీలో నివాసమని కాగితం చూపిస్తే ఇక్కడి ఇన్సూరెన్సు వస్తుంది. డాక్టరు ఇరవై మైళ్ళు. ఉడుకుతాను."

సంతకం పెడుతుంటే ఏడుపొచ్చింది. ఏప్రిల్‌లో యూటా, మేలో మోంటానా అనుకుంది. అవన్నీ పోయాయి. లైసెన్సు మార్పించడానికి ఒక రోజంతా లైన్లో నిలబడింది. మళ్ళీ పియానో వింది, ఈసారి ఒంటరిగా. పక్క సైటు కిటికీ మూసే ఉంది. సాయంత్రం నాలుగింటికి ఓరెన్ ఒక్క కుర్చీయే తెచ్చుకుని అవతలి చివర కూర్చునేవాడు.

ముప్ఫయ్యో తేదీ మధ్యాహ్నం ఫోను అవతలి అమ్మాయి "అయిపోయిందండీ, ఒకటో తేదీ నుంచి మీకు కవరేజీ ఉంది" అంది. ఫోనులోనే కార్డు వచ్చింది. దానిమీద పేరు డెల్లా ఆస్ట్రాండర్. కింద ఇంకో పేరేమీ లేదు.

కిటికీలోంచి చూస్తే ఓరెన్ నీళ్ళ గొట్టం విప్పి చుట్టుకుంటున్నాడు. బయల్దేరుతున్నాడన్నమాట. డెల్లా చెప్పులైనా వేసుకోకుండా గులకరాళ్ళ మీద పరుగెత్తింది.

"ఎక్కడికి?"

"టెక్సాస్. అసలు ఈ నెల పదో తేదీకే వెళ్ళాల్సింది." గొట్టం వంక చూస్తూ అన్నాడు. "వారం వారం పొడిగించుకుంటూ వచ్చాను. వెర్నాకి తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఫోన్లో ఉండేదానివిగా." గొట్టం ఇంకో చుట్టు చుట్టాడు. "నాకు ఫారాలు తప్ప ఇంకేం మాట్లాడటం రాదు డెల్లా. నువ్వంటే ఇష్టమని చెప్పడానికి ధైర్యం చాలక ఇన్సూరెన్సు గురించి చెప్పాను. పొరపాటే."

డెల్లా ఫోను తిప్పి కార్డు చూపించింది. అతను రెండో కళ్ళజోడు దించుకుని మరీ చదివాడు. మొహం వెలిగిపోయింది.

"సాధించావ్! ముందు నువ్వు చేతినుంచి పెట్టుకోవాల్సిన డిడక్టిబుల్ కూడా తక్కువే..." నాలిక కరుచుకున్నాడు. "అయితే ఇంక నీకు నా అవసరం లేదు."

"అస్సలు లేదు," అంది డెల్లా. అరికాళ్ళు మండుతున్నా కదల్లేదు. "అందుకే అడగడానికొచ్చాను. ఉండవా?"

ఓరెన్ తన చేతిలోని గొట్టం చుట్ట విప్పి, కుళాయికి మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు.