సొరంగంలో పార పట్టుకున్న చెయ్యి

ఆ సొరంగానికి మంచి పేరు ఎప్పుడూ లేదు. యుద్ధం రోజుల్లో అందులోంచి బండి నడిపిన డ్రైవర్లు లోపల ఈల కూడా వేసేవాళ్లు కాదట. వేస్తే గోడల్లోంచి ఎవరో మూలుగుతారని... పెట్టెల పక్కన చేతులు తడుముతాయని... ఒకసారి ఓ డ్రైవరు బండి అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తాడని చెప్పుకునేవాళ్లు.

మా తాతయ్య నడిపింది ఆ లైన్లోనే. చిన్న పట్టాలు, బొమ్మ రైలుకి అన్నలా ఉండే ఇంజన్, వెనక సైన్యానికి సామాను. పెట్టెల్లో ఏముందో అడక్కూడదు. దగ్గర్లో సిగరెట్టు కాల్చొద్దని మాత్రం చెప్పారట. నిప్పులు కక్కే ఇంజన్‌కి తగిలించి సిగరెట్టు వద్దనడం ఏమిటో ఆ పైవాళ్లకే తెలియాలి.

బొగ్గు వేసే ఫైర్‌మన్ ఎవరో కాదు, అమ్మమ్మ తమ్ముడు. పనిలో దిట్టే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. "వాడు లేకుండా మీరొక్కరే ఇంటికి రాకండి" అని అమ్మమ్మ గుమ్మంలోనే తేల్చి చెప్పేసింది. ఆవిడ అన్నదంటే అన్నట్టే.

ఆ రాత్రి విమానాల భయంతో దీపాలార్పి వెళ్తున్నారు. సొరంగం లోపల దారంతా ఎక్కుడు, పైపైకి పోతుంది. పట్టాలు చెమ్మగా ఉన్నాయి. సగం దూరం వెళ్లారో లేదో ఇంజన్ చప్పుడు మారింది. పొగ వెనక్కి తన్ని క్యాబిన్ నిండిపోయింది. తడిగుడ్డ ముక్కుకి కట్టుకున్నా గొంతు మండిపోతోంది.

"బావా... గాలి..." అన్నాడు బావమరిది. అంతే, బొగ్గు మీద కూలిపోయాడు.

అంత చీకట్లో బండి కదులుతోందో లేదో కంటికి తెలియదు. అందుకు డ్రైవర్లకి ఒక పద్ధతి ఉంది. పార బయటికి చాపి కొస గోడకి ఆనించాలి. గోడ దాన్ని వెనక్కి లాగితే బండి ముందుకు పోతున్నట్టు. ఎటూ లాగకపోతే చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నట్టు.

తాతయ్య పార ఆనించాడు. అది ఎటూ పోలేదు...

ఆవిరి ఆపి బ్రేకు బిగించాడు. వెనక్కి పోదామంటే వెనకే ఇంకో బండి బయల్దేరి ఉంటుంది. దిగి పోదామంటే వాణ్ని మోసుకుని ఆ పొగలో ఎంత దూరం పోగలడు? ముందుకా, చక్రాలు పట్టడం లేదు. కొండ కింద బతికుండగానే పూడ్చిపెట్టినట్టయింది ఆయన పని. మళ్లీ ఆవిరి వదిలి, మళ్లీ పార చాపాడు.

అప్పుడు... అవతల నుంచి ఎవరో పార పట్టుకున్నారు.

తాతయ్య లాగాడు. అవతల కూడా లాగారు. పార చేతిలోంచి జారిపోయింది.

ఆ వెంటనే కింద నుంచి చేతులు పైకొచ్చాయి. ఒకటి కాదు, రెండు కాదు... బావమరిదిని తడిమి, చంకల కింద పట్టుకుని, కిందకి ఈడుస్తున్నాయి. తాతయ్య వాడి కాళ్లు గట్టిగా పట్టుకున్నాడు. దేవుడికే ఎప్పుడూ దణ్ణం పెట్టని మనిషి, ఆ రాత్రి దెయ్యాల్ని బతిమాలాడు.

"వాణ్నొదిలేయండి... నన్ను తీసుకుపోండి..."

చీకట్లో ఎక్కడో ఒక చిన్నపిల్ల దగ్గింది.

తాతయ్య పట్టు సడలింది. దెయ్యానికి దగ్గేమిటి?

"కాళ్లొదులు నాయనా," అని ఓ ముసలావిడ గొంతు గుసగుసలాడింది. "కింద పట్టాల పక్క కాలవలో కాస్త గాలి ఉంటుంది. ముఖం అందులో పెట్టాలి. మేం రోజూ అలాగే బతుకుతున్నాం."

మనుషులే! కొండ అవతలి ఊరివాళ్లు. సైనికులు ఊరు ఖాళీ చేయించి లారీలెక్కిస్తుంటే పారిపోయి వచ్చారు. బండి పోయేటప్పుడు లైను పనివాళ్లు తప్పుకోవడానికి గోడలో గూళ్లుంటాయి, వాటిలో దాక్కున్నారు. గోడ అనుకుని తాతయ్య పారతో పొడిచింది ఆ ముసలావిడ డొక్కలోనే. బండి వచ్చినప్పుడల్లా వాళ్లు పొగ మింగి మూలిగేవాళ్లు. ఇన్నాళ్లూ ఆ పొగ పెట్టినవాళ్లలో తానూ ఉన్నానని తాతయ్యకి అప్పుడే తెలిసింది.

వాళ్లు పడుకునే చోటి పొడి మట్టి ఆ పారతోనే తవ్వి, గుప్పిళ్లతో పట్టాల మీద చల్లారు. బావమరిది మూలుగుతూ ఊపిరి తీసుకున్నాడు. వాణ్ని పైకెక్కించారు. చక్రాలు మట్టిని కరుచుకుని మెల్లగా కదిలాయి. ముసలావిడ పార అందిస్తూ పక్కనే నాలుగడుగులు నడిచింది.

"ఇక్కడ మనుషులున్నారని చెప్పకు నాయనా. దెయ్యాలున్నాయనే చెప్పు. దెయ్యాల్ని ఎవరూ లారీలెక్కించరు."

యుద్ధం ముగిసేదాకా తాతయ్య ఎవరికీ చెప్పలేదు. బావమరిదికి అసలే చెప్పలేదు, వాడి నోటి సంగతి తెలిసిందేగా. వాడికి గుర్తున్నదల్లా ఒంటి మీద పాకిన చేతులే. ఆ ముచ్చట ప్రతి స్టేషన్లోనూ కళ్లు పెద్దవి చేసి మరీ చెప్పాడు. దాంతో ఆ సొరంగంలో వెతకడానికి సైనికులు కూడా జంకారు.

ఆ తర్వాత తాతయ్య సొరంగం ఇంకా దూరంగా ఉండగానే బొగ్గు ఆపించేసేవాడు, లోపల పొగ తగ్గుతుందని. ఆవిరి చాలక మళ్లీ లోపలే ఇరుక్కుంటే ప్రాణం పోతుందని తెలిసీ ఆపించేవాడు. ఒక రాత్రి సరిగ్గా సొరంగం మధ్యలో బావమరిది ఉండబట్టలేక పార తీశాడు.

"వద్దన్నానా," అన్నాడు తాతయ్య.

"ఎక్కుడు బావా. ఆగిపోతే చస్తాం. ఇక్కడే ఎందుకు వెయ్యొద్దంటావ్?"

"దెయ్యాలకి పొగ పడదురా."

గోడ పక్క చీకట్లోంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

తెల్లారేసరికి బావమరిదికి ఒళ్లు తెలియని జ్వరం.